కారు ఏసీ చల్లబడటం లేదా? గ్యాస్ డబ్బా కొనేముందు ఫ్యాన్ చూడండి

ఎండలు ముదరగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏసీ చల్లగా రావట్లేదు, గ్యాస్ ఎంత పట్టించాలి?" ఏమైందో చూడకముందే మందు గ్యాసే అని తేల్చేసుకుంటారు. ఆన్‌లైన్‌లో 134ఎ గ్యాస్ డబ్బా, దానికో చిన్న గేజ్ ఉన్న పైపు ఆర్డర్ పెట్టేస్తారు. అవి ఇంటికొచ్చాక, బానెట్ తెరిచాక నాకు ఫోన్ చేస్తారు.

ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా వాడిన కొద్దీ అయిపోయేది కాదు. ఆ వ్యవస్థ మొత్తం మూసి ఉంటుంది, ఉన్న గ్యాసే అందులో తిరుగుతుంటుంది. రబ్బరు పైపుల నుంచి, గ్యాస్‌ని ఒత్తి తిప్పే కంప్రెసర్ షాఫ్ట్ సీలు నుంచి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తగ్గడం మామూలే. కానీ పోయిన వేసవిలో పట్టించిన గ్యాస్ ఈ వేసవికి లేదంటే మాత్రం ఎక్కడో లీకేజీ ఉంది, లేదా అసలు జబ్బు గ్యాస్ కాదు. రెండింటిలో ఏదైనా సరే, ఇంకో డబ్బా ఎక్కిస్తే తగ్గేది కాదు.

గాలి తక్కువగా వస్తోంది, వచ్చింది మాత్రం చల్లగానే ఉంది

క్యాబిన్ ఫిల్టర్, అంటే కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టేది. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, చేత్తో ఊడొస్తుంది. ఎండుటాకులు, దుమ్ము పట్టి నల్లగా అట్టలా తయారై ఉంటే మార్చేయండి. దులిపి మళ్ళీ పెట్టొద్దు. అలాగే గాలి బయటి నుంచి వచ్చేలా మీట పెట్టి ఉందేమో చూడండి. రోహిణి కార్తెలో బయట 44 డిగ్రీల గాలిని లాక్కుని చల్లబరచమంటే ఏ ఏసీకైనా కష్టమే. లోపలి గాలే తిరిగేలా బటన్ నొక్కి పది నిమిషాలు ఆగండి.

అసలు చల్లదనమే లేదు

ఇంజిన్ ఆన్ చేసి, ఏసీ వేసి, కంప్రెసర్ పుల్లీ ముందు భాగం చూడండి. క్లచ్ (కంప్రెసర్‌ని పుల్లీకి కలిపేది) ఉన్న కార్లలో "టక్" మని శబ్దం వచ్చి మధ్య ప్లేటు కూడా పుల్లీతో పాటు తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే. అదే నంబరున్న హారన్ రిలే తీసి అక్కడ పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. కొన్ని కొత్త కార్ల కంప్రెసర్లకు క్లచ్ ఉండదు, పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి ఈ పరీక్ష వాటికి పనికిరాదు.

ఫ్యూజు, రిలే బాగుంటే ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆపి ఉన్నప్పుడే లావు పైపు మీదున్న పోర్టుకి గేజ్ పెట్టండి. వాతావరణం 30 డిగ్రీలుంటే దాదాపు 97 పీఎస్‌ఐ, 35 అయితే 114, 40 అయితే 133 దగ్గర చూపించాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 114 చూసి "గ్యాస్ ఫుల్‌గా ఉంది" అనుకుంటారు. లోపల కాస్త గ్యాస్ ద్రవరూపంలో మిగిలి ఉన్నంతవరకూ ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది, ఎంత గ్యాస్ ఉందన్నదాన్ని బట్టి కాదు. సగం ఉన్నా అంతే చూపిస్తుంది, నిండా ఉన్నా అంతే చూపిస్తుంది. ముల్లు దీనికి బాగా కింద ఉంటే గ్యాస్ దాదాపు పోయినట్టు. సున్నా ఉంటే డబ్బా పక్కన పెట్టేయండి. లీకేజీ బాగుచేసి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేశాకే కొత్త గ్యాస్ వెయ్యాలి. అది ఇంట్లో డబ్బాతో అయ్యే పని కాదు.

రోడ్డు మీద చల్లగా ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే వేడి గాలి

జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ లక్షణంతోనే. పొద్దున బాగుంటుంది, హైవే మీద బాగుంటుంది. మధ్యాహ్నం అమీర్‌పేటలోనో బెంజ్ సర్కిల్‌లోనో ట్రాఫిక్‌లో ఇరుక్కోగానే వేడి మొదలవుతుంది. షాపుకి తీసుకెళితే "గ్యాస్ తగ్గింది సార్" అంటారు. నింపుతారు. సాయంత్రం ఇంటికి వస్తుంటే చల్లగానే ఉంటుంది, ఎందుకంటే ఎండ తగ్గింది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే కథ.

లోపల జరిగేది ఇది. కారు లోపల లాగేసిన వేడినంతా బయటకు వదిలేది రేడియేటర్ ముందున్న కండెన్సర్. దాని గుండా గాలి పోవాలి. కారు పరుగెడుతుంటే గాలి దానంతటదే దూరుతుంది. ఆగి ఉంటే ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. చాలకపోతే గ్యాస్ చల్లబడి ద్రవంగా మారలేదు, హై సైడ్ (కంప్రెసర్ నుంచి బయటకు వెళ్ళే సన్న పైపు వైపు) ఒత్తిడి పైకి పోతుంది, దానితో పాటు లో సైడ్ (కంప్రెసర్‌కి తిరిగి వచ్చే లావు పైపు వైపు) కూడా పెరుగుతుంది. ఒత్తిడి 400 పీఎస్‌ఐ దాటాక ప్రెజర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. అప్పుడు మీకు వచ్చేది వట్టి బ్లోయర్ గాలి. ఇలాంటి కారులో గ్యాస్ ఇంకా ఎక్కిస్తే ఆ ఒత్తిడి మరింత పెరుగుతుంది, చివరికి కంప్రెసర్ పోతుంది.

ఇంత తేలిక విషయం ఎందుకు తప్పిపోతుందంటే, బానెట్ ఎత్తి చూస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. "ఫ్యాన్ ఓకే" అని వదిలేస్తారు. ఫ్యాన్ తిరగడం వేరు, గాలి లాగడం వేరు. మోటార్ బ్రష్షులు అరిగిపోతే మొదట్లో బాగా తిరిగి, వేడెక్కాక నెమ్మదిస్తుంది. హై స్పీడ్ రిలే పోతే చిన్న స్పీడులోనే తిరుగుతూ ఉంటుంది. రెండు ఫ్యాన్లున్న కార్లో ఒకటే పనిచేస్తుంటుంది. మోటార్ మార్చినప్పుడు వైర్లు తారుమారు చేస్తే వెనక్కి లాగాల్సిన గాలిని ముందుకి తోస్తుంది. నిలబడి చూస్తే ఇవన్నీ తిరుగుతున్న ఫ్యాన్‌లాగే కనపడతాయి.

వీటన్నిటికన్నా దొంగది చెత్త. మన వైపు కోతల కాలంలో రోడ్ల మీదే వడ్లు ఆరబోస్తారు, ఆ నూగు, పొట్టు లేస్తూనే ఉంటాయి. పత్తి చేల పక్కన తిరిగే కార్లకు దూది పోగులు. అవి కండెన్సర్ సందుల్లోంచి దూరి దాని వెనక, రేడియేటర్ ముందు ఇరుక్కుంటాయి. వాటర్ వాష్‌లో ముందు వైపు తళతళా కడుగుతారు కాబట్టి గ్రిల్‌లోంచి చూస్తే కండెన్సర్ కొత్తదిలా ఉంటుంది. చెత్త ఉన్న చోటు ఎటు నుంచి చూసినా కనపడదు.

ఖమ్మం వైపు నుంచి ఒకాయన కారు తెచ్చారు. ఒకే వేసవిలో మళ్ళీ మళ్ళీ గ్యాస్ పట్టించారు. "ఇంకో వంద గ్రాములు వేసి చూడు తమ్ముడూ" అన్నారు. ఇంజిన్ ఆన్‌లో, ఏసీ ఫుల్‌లో ఉంచి, ఒక న్యూస్ పేపర్ షీటు విప్పి గ్రిల్ ముందు పెట్టి వదిలాను. ఫ్యాన్ గట్టిగా మోగుతోంది, పేపరు మాత్రం జారి కింద పడింది. బంపర్ విప్పి, కండెన్సర్ బోల్టులు తీసి ముందుకి వంచితే, రెండింటి మధ్య నుంచి బూడిద రంగు పొర ఒకటి బొంతలా చుట్టుకుని ఊడొచ్చింది. ఎక్కువైన గ్యాస్ మెషిన్‌తో తీయించి, లేబుల్ మీదున్నంత తూకం వేయించారు. అంతకుమించి ఏ పార్టూ మార్చలేదు.

కాబట్టి ఆ పేపరు పరీక్ష మీరూ చెయ్యండి. మధ్యాహ్నం ఎండలో, ఇంజిన్ పావుగంట ఆన్‌లో ఉన్నాక చెయ్యండి. సాయంత్రం చల్లటి వేళ చేస్తే దొరకదు. పేపరు గ్రిల్‌కి అతుక్కుని నిలబడాలి. కింద పడినా, ఎదురు తోసినా గాలి లోపలికి పోవడం లేదు.

రెండో పరీక్ష నీళ్ళది. కారు ఆగి ఉండి వేడి గాలి వస్తున్నప్పుడు, గ్రిల్ లోంచి కండెన్సర్ మీద స్ప్రే బాటిల్‌తోనో మగ్గుతోనో నీళ్ళు పోయండి. నిమిషం రెండు నిమిషాల్లో లోపల గాలి చల్లబడితే, గేజ్ ముల్లు కిందికి దిగితే, కంప్రెసర్ పని చేస్తోందని, గాలి చాలకపోవడమే సమస్య అని అర్థం. ఇంటి దగ్గర, పైసా ఖర్చు లేకుండా చేసే ఈ పరీక్ష ఎవరూ చేయకపోవడమే నాకు బాధ.

బాగుచేసేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి, బ్యాటరీ వైరు తీయండి. కొన్ని కార్లలో తాళం తీశాక కూడా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, వేళ్ళు పోతాయి. మామూలు పైపు నీళ్ళతో ఇంజిన్ వైపు నుంచి ముందుకి కడగండి, అప్పుడే చెత్త వచ్చిన దారినే బయటకు పోతుంది. ప్రెజర్ వాషర్ వాడితే సన్నటి రేకులు వంగిపోయి గాలి దారి శాశ్వతంగా మూసుకుంటుంది. పొర మందంగా ఉంటే కడిగినా రాదు, కండెన్సర్ ముందుకి వంచాల్సిందే. గ్యాస్ పైపులు విప్పకుండా బ్రాకెట్లు మాత్రం తీసి జాగ్రత్తగా వంచాలి. యాక్సిడెంట్ రిపేర్ అయిన కారైతే ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ డొప్ప, అంచుల్లో స్పాంజి పట్టీలు ఉన్నాయో లేదో చూడండి. అవి లేకపోతే ఇంజిన్ వేడి గాలే చుట్టూ తిరిగి మళ్ళీ కండెన్సర్‌లోకి వస్తుంది.

ఏటికేడు కొద్దికొద్దిగా చల్లదనం తగ్గుతోంది

పేపరు నిలిచింది, నీళ్ళ పరీక్షలో తేడా రాలేదు, ఇంజిన్ నడుస్తుండగా లో సైడ్ 25 పీఎస్‌ఐ కన్నా కింద ఉంది, లావు పైపు పట్టుకుంటే చల్లదనం అంతంతమాత్రం. చాలా కార్లలో కంప్రెసర్ కొన్ని సెకన్లకోసారి ఆన్ అవుతూ ఆగుతూ ఉంటుంది. ఇప్పుడు గ్యాస్ తగ్గిందనుకోవచ్చు. పైపు అతుకుల దగ్గర నూనె మరకల కోసం వెతకండి, సబ్బు నురగ రాసి బుడగలు వస్తాయేమో చూడండి. గేజ్ పెట్టే పోర్టు మూత కింద ఉండే పిన్ వాల్వ్ దగ్గర కూడా రాయండి, అక్కడ కారడం చాలా ఎక్కువ.

నింపేటప్పుడు చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. ఈ గ్యాస్ సున్నాకి 26 డిగ్రీల కింద మరుగుతుంది, చర్మం మీద పడితే మంచు గాయం అవుతుంది. లో సైడ్ పోర్టు లావు పైపు మీద ఉంటుంది, కనెక్టర్ 13 మిల్లీమీటర్లు. హై సైడ్‌ది 16. లో సైడ్ కనెక్టర్ హై సైడ్‌కి పట్టదు, పట్టించే ప్రయత్నం చెయ్యొద్దు, ఆ ఒత్తిడికి డబ్బా పగిలిపోతుంది. పైపులో ఉన్న గాలిని కొద్దిగా వదిలేసి బిగించండి. ఏసీ ఫుల్, బ్లోయర్ ఫుల్, తలుపులు తెరిచి ఉంచి, డబ్బా నిలువుగా పట్టుకోండి. తలకిందులు చేస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి పోతుంది. డబ్బా చల్లబడి నెమ్మదిస్తే గోరువెచ్చటి నీళ్ళలో పెట్టండి, మంట దగ్గరికి మాత్రం తీసుకెళ్ళొద్దు.

గేజ్ మీది ఆకుపచ్చ పట్టీని కాదు, వంటింటి డిజిటల్ కాటాని నమ్మండి. చిన్న కార్లు చాలావాటికి మొత్తం పట్టేదే 350 నుంచి 500 గ్రాములు, ఎంతో బానెట్ కింద లేబుల్ మీద ఉంటుంది. అంటే ఇక్కడ దొరికే 450 గ్రాముల డబ్బా కొన్ని కార్లకు పూర్తి మోతాదు కన్నా ఎక్కువ. 30 గ్రాములు వెయ్యండి, ఐదు నిమిషాలు ఆగండి, లోపల గాలి చూడండి. నడుస్తుండగా లో సైడ్ సాధారణంగా 30, 45 మధ్య ఉంటే ఆపేయండి. వంద గ్రాములు వేసినా తేడా లేకపోతే ఇక డబ్బా ముట్టుకోవద్దు.

లీకేజీ మూసేస్తుందని చెప్పే జిగురు కలిపిన డబ్బాలు కొనొద్దు. అది లోపల గడ్డకట్టి ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ని (ద్రవాన్ని సన్నటి దారిలో కూలింగ్ కాయిల్‌లోకి వదిలేది), షాపులోని మెషిన్‌ని కూడా పాడుచేస్తుంది. మరీ చవక గ్యాస్ కూడా వద్దు. మిథైల్ క్లోరైడ్ కలిపిన నకిలీ 134ఎ చాలా దేశాల్లో దొరికింది, అది అల్యూమినియంతో చర్య జరిపి వ్యవస్థనే తినేస్తుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల జోలికి అస్సలు పోవద్దు. వాటిలో చాలావాటి కంప్రెసర్ హై వోల్టేజీ మీద నడుస్తుంది, మామూలు ఆయిల్ కలిసిన డబ్బా ఎక్కిస్తే ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళు ముందు లేబుల్ చదవండి. అమెరికాలో 2021 మోడల్ నుంచి కొత్త కార్లలో 134ఎ వాడకూడదు. మీది అలాంటి కొత్త కారైతే 134ఎ బదులు 1234వైఎఫ్ అనే గ్యాస్ ఉంటుంది, దాని పోర్టులే వేరు. అడాప్టర్ పెట్టి 134ఎ ఎక్కించొద్దు. ఉన్న గ్యాస్‌ని గాల్లోకి వదలడం అక్కడ చట్టవిరుద్ధం కూడా.

మిగిలినవి

ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకోవడం, కంప్రెసర్ లోపల అరిగిపోవడం, డ్యాష్‌బోర్డ్‌లో వేడి, చల్లని గాలి మార్చే ఫ్లాప్ ఇరుక్కోవడం, కూలింగ్ కాయిల్ సెన్సార్ తప్పు చూపించడం. ఇవి అరుదు. రెండు పైపులకీ గేజ్ పెట్టగలిగిన మెకానిక్ దగ్గరికి వెళితేనే తేలతాయి. వెళ్ళినప్పుడు మూడు విషయాలు అడగండి: పాత గ్యాస్ ఎన్ని గ్రాములు బయటికి వచ్చింది, వాక్యూమ్ ఎంతసేపు పెట్టారు, కొత్తది ఎన్ని గ్రాములు వేశారు. తూకం చెప్పలేని చోట గ్యాస్ పట్టించుకోవద్దు.