కత్తి రివ్యూలకు కాగితం పరీక్ష

కూరగాయల కత్తి కొందామని రివ్యూలు చూస్తే ఒకరు బ్రహ్మాండం అంటారు, ఇంకొకరు నెలకే మొండిబారింది అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. కొన్న వారంలోనే రాసేవారికి తెలిసేది ఫ్యాక్టరీ పదును ఒక్కటే. అందుకే సాన పట్టించాక ఎలా ఉందో రాసినవే చదవండి.

కత్తి రాగానే దినపత్రిక కాగితాన్ని అంచు దగ్గర పట్టుకుని, పిడి వైపు నుంచి మొన దాకా కత్తిని లాగండి. తెగకుండా పీలికలైతే, కూరగాయలు తరగకముందే వాపసు పంపండి. వాడిన కత్తిని చాలామంది తీసుకోరు. బాగా తెగితే చెక్క పలక మీద కిలో కర్నూలు ఉల్లిగడ్డలు తరిగి (మా ఇంట్లో ఉగ్గానికి ఎలాగూ కావాలి), కడిగి తుడిచి మళ్లీ చూడండి. అప్పుడూ తెగితే కనీసం వెంటనే మొండిబారే రకం కాదన్నమాట. రంపపు పళ్ల కత్తికి మాత్రం ఇది పనిచేయదు, అది కొత్తదైనా కాగితాన్ని చింపుతుంది.