లోహపు పొడి కలిపిన ఎపాక్సీ – 4వ పాఠం: తగ్గిన అంకె ఎవరి తప్పు?

కిందటి పాఠంలో పోత పోసిన స్తూపాలు ఈపాటికి గట్టిపడి ఉంటాయి. వ్యాసం 12.7 మిల్లీమీటర్లు, ఎత్తు 25.4. బరువు లెక్కన సగం ఎపాక్సీ, సగం అల్యూమినియం పొడి. వాటిని నొక్కే ముందు కాగితం మీద కాస్త పని ఉంది.

బరువులో సగమంటే పరిమాణంలో సగం కాదు. 50 గ్రాముల అల్యూమినియం (సాంద్రత 2.7) 18.5 ఘన సెంటీమీటర్లు, 50 గ్రాముల ఎపాక్సీ (సుమారు 1.2) 41.7. అంటే లోహం వాటా 31 శాతమే. ఇక నుంచి ఈ 31తోనే లెక్క.

ఎపాక్సీ యంగ్ గుణకం (పదార్థం ఎంత బిగువుగా ఉందో చెప్పే అంకె; ఇక ముందు గుణకం అంటే ఇదే) 3 గిగాపాస్కళ్లు, అల్యూమినియానిది 70 అనుకుందాం. రెండింటినీ పొరలుగా ఒకదాని మీద ఒకటి పేర్చి నొక్కితే 4.3 వస్తుంది, పక్కపక్కన నిలబెట్టి నొక్కితే దాదాపు 24. రేణువులు ఎపాక్సీలో విడివిడిగా తేలుతుంటాయి కాబట్టి మన స్తూపం కింది అంకెకే దగ్గరగా ఉండాలి. 5 అనుకోండి.

ఇప్పుడు నిమిషానికి 1.3 మిల్లీమీటర్ల వేగంతో నొక్కండి. స్తూపం అడ్డకోత 126.7 చదరపు మిల్లీమీటర్లు, బలం 6.33 కిలోన్యూటన్లకు చేరితే ప్రతిబలం (అంటే బలాన్ని అడ్డకోతతో భాగిస్తే వచ్చేది) 50 మెగాపాస్కళ్లు. గుణకం 5 అయితే స్తూపం 0.254 మిల్లీమీటర్లు కుంగాలి. కానీ యంత్రం 0.354 చూపిందనుకోండి. దాన్నే నమ్మి లెక్కిస్తే గుణకం 3.6కి పడిపోతుంది. పేర్చిన పొరలకన్నా మెత్తన! మొదటిసారి నాకూ ఇలాగే వచ్చింది. పొడిలో తేమ ఉందని, గాలి బుడగలు మిగిలాయని రెండు వారాలు పొడిని తిట్టుకున్నాను. బుడగలు నిజంగానే గుణకాన్ని తగ్గిస్తాయి, కానీ నా స్తూపాన్ని కోసి చూస్తే లోపల శుభ్రంగా ఉంది. ఆ 0.1 మిల్లీమీటరు కుంగింది యంత్రమే: దాని చట్రం, స్క్రూలు, పలకలు.

కాబట్టి స్తూపం లేకుండా పలకలను ఒకదానికొకటి ఆనించి, అదే వేగంతో 6.33 కిలోన్యూటన్ల దాకా నొక్కండి. ఒక్కో బలం దగ్గర వచ్చిన కుంగుదలను అసలు కొలతలోంచి తీసేయండి.

ప్రతిబలాన్ని నిలువుగా, వికృతిని (కుంగుదలను ఎత్తుతో భాగిస్తే వచ్చేది) అడ్డంగా గీసిన వక్రంలో మొదట బద్ధకంగా లేచే వంపును కూడా లెక్కలోకి రానివ్వకండి. స్తూపం చివరలు పలకలకు పూర్తిగా ఆనేదాకా అది అలాగే ఉంటుంది. ఆ తర్వాత తిన్నని గీతలా సాగే భాగాన్ని వెనక్కి పొడిగించి, అడ్డగీతను తాకిన చోటు నుంచి వికృతిని కొలవండి.

సరిచేశాక కూడా అంకె 4.3కి దిగువనే ఉంటే, అప్పుడు స్తూపాన్ని కోసి బుడగలు వెతకండి.