పాత ఫ్రెంచి బొమ్మను వెతికి, కాలం తేల్చి, వాడుకోవడం ఎలా

ఫ్రాన్సు చరిత్ర మీద పాఠమో వ్యాసమో రాసేటప్పుడు చాలామంది వెతుకులాటలో మొదట తగిలిన బొమ్మను పెట్టేస్తారు. ఇంగ్లిషు సేనలతో పోరాడిన ఫ్రెంచి యువతి జోన్ ఆఫ్ ఆర్క్ విషయంలో అలా దొరికేవి దాదాపు అన్నీ ఆమె పోయిన చాలాకాలానికి వేసినవే. ఆమె బతికుండగా గీసినది మనకు మిగిలింది ఒక్కటి. 1429 మే 10న పారిస్ పార్లమెంటు, అంటే అప్పటి పెద్ద కోర్టు, గుమాస్తా క్లెమాన్ ద ఫోకెంబెర్గ్ తన రిజిస్టరు అంచున సిరాతో గీసిన చిన్న బొమ్మ అది. అందులో పొడవాటి జుట్టు, గౌను, జెండా, కత్తి ఉంటాయి. కానీ అప్పటికి ఆమె జుట్టు కత్తిరించుకుని మగవాళ్ల బట్టల్లో ఉంది. గుమాస్తా ఆమెను ఎన్నడూ చూడలేదు, విన్న కబురును బట్టి గీశాడు. అందుకే బొమ్మ చేతికి రాగానే రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ఎప్పటిది? గీసినవాడు చూసి గీశాడా, విని గీశాడా?

వెతకడం ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం వారి సైటు గాలికాలో మొదలుపెట్టండి. పారిస్ నగర మ్యూజియంల సైటు పారీ ముజేలో కార్నవాలే మ్యూజియం బొమ్మలు కూడా దొరుకుతాయి. మాటలు ఫ్రెంచిలోనే కొట్టాలి. అచ్చు బొమ్మకు ఎస్తాంప్, పోస్టుకార్డుకు కార్త్ పోస్తాల్, తీర్థయాత్రకు పెలెరినాజ్, చాకలి ఆడవాళ్లకు బ్లాంషిస్యూజ్. ఇంగ్లిషులో వెతికితే ఉన్నవాటిలో కొద్దిగానే బయటికొస్తాయి. వివరాల పట్టీలో తేదీ చదరపు బ్రాకెట్లలో ఉంటే అది బొమ్మ మీద ఉన్నది కాదు, కేటలాగు రాసినవారు అంచనా వేసినది. దాన్ని ఖాయమైన తేదీగా రాయకండి.

చెక్కుడు బొమ్మైతే ముందు కింది అంచు పెద్దది చేసి చూడండి. పేరు పక్కన పింక్సిట్ అని ఉంటే అతను అసలు వర్ణచిత్రం వేసినవాడు, డెలినియావిట్ అంటే గీసినవాడు, స్కల్ప్సిట్ అంటే రేకు మీద చెక్కినవాడు, ఎక్స్‌కుడిట్ అంటే అచ్చు వేయించి అమ్మినవాడు. పింక్సిట్ పక్కన ఒకరు, స్కల్ప్సిట్ పక్కన ఒకరు ఉన్నారంటే మీరు చూస్తున్నది ఒక వర్ణచిత్రానికి నకలు. ఇద్దరి మధ్య వందేళ్లు కూడా ఉండొచ్చు. రాజుగారి అనుమతితో అన్న మాట కనబడితే 1789 ఫ్రెంచి విప్లవానికి ముందుది.

విప్లవ కాలపు బొమ్మల మీద ఆన్ 2, ఆన్ 3 అని ఉంటుంది. అంటే విప్లవకారుల కొత్త కేలండరులో రెండో ఏడు, మూడో ఏడు. ఆ సంఖ్యకు 1791 కలిపితే ఆ ఏడాది మొదలైన సంవత్సరం వస్తుంది. ఆన్ 2 అంటే 1793 సెప్టెంబరు 22 నుంచి 1794 సెప్టెంబరు 21 దాకా. ఇక్కడే చాలామంది ఒక ఏడాది తప్పుతారు. పోస్టుకార్డైతే వెనక్కి తిప్పండి. చిరునామాకు, ఉత్తరానికి మధ్య గీత ఉంటే అది 1903 చివరికి తర్వాతది, ఎందుకంటే ఫ్రాన్సులో అంతకుముందు ఆ వైపు చిరునామా మాత్రమే రాయనిచ్చేవారు. 1905లో చర్చినీ రాజ్యాన్నీ వేరుచేసే చట్టం వచ్చాక, 1906లో చర్చిల ఆస్తుల లెక్క తీసినప్పటి గొడవల కార్డులను ఇలాగే గుర్తుపట్టవచ్చు.

ఇక బొమ్మను చదవడం. 1789 నాటి ఒక అచ్చు బొమ్మలో ముసలి రైతు పార ఊతంగా వంగి ఉంటాడు, వీపు మీద ఒక మతగురువు, ఒక ప్రభువు కూర్చుంటారు. ఇంతవరకే చూసి వదిలేస్తే సగమే అందుతుంది. రైతు కాళ్ల దగ్గర కుందేళ్లు, పిట్టలు పంట తింటుంటాయి. వేట ప్రభువుల హక్కు కాబట్టి తన పంట తినేవాటిని కూడా రైతు చంపకూడదు. ఆ కోపమంతా ఆ మూలలో ఉంది.

మతం బొమ్మల్లో ఎవరి పక్షమో తప్పక చూడాలి. 1572లో పారిస్‌లో కేథలిక్కులు ప్రొటెస్టెంట్లను చంపిన సెయింట్ బార్తొలోమ్యూ ఊచకోత మీద అందరూ వాడే వర్ణచిత్రం ఫ్రాన్స్వా దుబ్వాది. ఆయన ప్రొటెస్టెంటు, దేశం వదిలి వెళ్లినవాడు. ప్రొటెస్టెంట్ల నాయకుడు కొలిన్యీ శవం కిటికీలోంచి పడటం, నల్లబట్టల్లో రాజుగారి తల్లి కేథరీన్ ద మెదిచి శవాలను చూడటం ఒకే చట్రంలో ఉంటాయి. వేర్వేరు వేళల సంగతులు పక్కపక్కనే ఉన్న ఈ చిత్రాన్ని ఫొటోలా చదవకూడదు.

ఇంకో చిక్కు కుడిఎడమలది. చెక్కిన రేకు నుంచి వచ్చే అచ్చు తిరగబడుతుంది, డాగెరోటైపులు, అంటే వెండిపూత రేకు మీద తీసిన తొలినాటి ఫొటోలు కూడా అద్దంలోలా కనబడతాయి. అందరూ ఎడమచేత్తో కత్తి పట్టినా, వీధి తారుమారుగా ఉన్నా ఇదే కారణం. దాన్ని మీరు సరిచేసి పెట్టకండి, బొమ్మ కింద ఒక ముక్క రాయండి.

దించుకునేటప్పుడు తెరమీది చిన్న బొమ్మను కాకుండా, దొరికేవాటిలో పెద్ద ఫైలు తీసుకోండి. పుస్తకానికి అంగుళానికి 300 చుక్కలు కావాలి, ఎ4 పేజీ నిండాలంటే 2480 బై 3508 పిక్సెళ్లు. తక్కువైతే సాగదీయకుండా చిన్నగా వేసుకోవడమే మేలు. పారీ ముజే 2020 నుంచి హక్కుల గడువు తీరిన బొమ్మలను ఉచితంగా ఇస్తోంది. గాలికా బొమ్మలను వ్యాపారానికి వాడాలంటే షరతులు ముందే చదవండి. కళాకారుడు పోయాక 70 ఏళ్లు హక్కులుంటాయి. 1927లో పోయిన అత్జే ఫొటోలకు గడువు తీరింది, 1994లో పోయిన ద్వానో ఫొటోలకు తీరలేదు. దేశం కోసం ప్రాణమిచ్చినట్టు నమోదైన వాళ్లకు ఇంకో 30 ఏళ్లు కలుస్తాయి.

బొమ్మ కింద గీసినవారి పేరు, ఏడాది, మాధ్యమం, ఉన్న చోటు, సంఖ్య ఈ వరుసలో రాయండి. గాలికాలో ఆర్క్ అనే శాశ్వత గుర్తు ఉంటుంది. లింకు ఎత్తుకునేటప్పుడు బ్రౌజరు పట్టీలోది కాకుండా దాన్నే తీసుకోండి.