వీడియోకాల్‌లో డాక్టరుకి పసిబిడ్డ ఆయాసం సరిగ్గా చూపించడం ఎలా?

పల్లెలో ఆరోగ్య ఉపకేంద్రం మాది. ఈ-సంజీవని అనే సర్కారు వీడియో వైద్య సేవలో రోజూ డాక్టర్లకి రోగులను చూపిస్తుంటాను. బొమ్మ చెదిరితే చాలు, అందరూ టవర్‌ని తిడతారు. చాలాసార్లు పాడుచేసేది మన చేతులే.

వెనక కెమెరా వాడండి, దాని అద్దం మెత్తటి గుడ్డతో తుడవండి. కిటికీ వెలుతురు బిడ్డ మీద పడాలి, బిడ్డ వెనక నుంచి రాకూడదు. ఫోన్ చేత్తో పట్టుకోవద్దు. స్టాండ్ లేకపోతే నీళ్ల బిందెకి ఆనించండి. వెనక ఎగిరే కర్టెన్, తొంగిచూసే చుట్టాలు అసలొద్దు.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. వీడియోలో ఫోన్ ప్రతి బొమ్మనీ మొత్తంగా పంపదు. ముందు బొమ్మకీ దీనికీ ఎక్కడ తేడా ఉందో ఎక్కువగా అదే పంపుతుంది. చెయ్యి వణికితే బొమ్మంతా తేడాయే. సిగ్నల్ అంత మోయలేక గళ్లుగళ్లుగా చెదిరిపోతుంది. స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ చూసి మురిసిపోకండి, మన బిడ్డ బొమ్మ వెళ్లేది అప్‌లోడ్‌లో.

అసలు కష్టం శ్వాస చూపించడంలో ఉంది. మిగతావన్నీ కదలకుండా చూపిస్తే చాలు, ఇక్కడ మాత్రం చూపించాల్సిందే కదలికని. చొక్కా పైకెత్తి పొట్టా, రొమ్ము కింది భాగం తెర నిండా కనిపించేలా ఫోన్ పక్క నుంచి పెట్టండి. బిడ్డ ఏడుస్తున్నా, పాలు తాగుతున్నా ఆగండి. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నాయా అన్నది బిడ్డ నెమ్మదించాకే తెలుస్తుంది.

నిమిషానికి ఎన్ని ఊపిరులన్న లెక్క మాత్రం వీడియోకి వదలకండి. ఒకసారి తొమ్మిది నెలల పాప విషయంలో నేను పక్కన కూర్చుని లెక్కపెడితే 56 వచ్చింది, డాక్టరుగారికి తెర మీద 38. నడుమ ఆగిపోయిన బొమ్మల్లో ఊపిరులు మాయమైపోయాయి. చూడ్డానికి పాప హాయిగా ఉన్నట్టే ఉంది. అందుకే గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం మీరే లెక్కపెట్టి, ఆ అంకె నోటితో చెప్పండి. 2 నెలలు నిండి ఏడాది లోపు బిడ్డకి 50, ఏడాది నుంచి 5 ఏళ్ల లోపు 40, లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఊపిరి వేగంగా తీస్తున్నట్టే.

కొందరు ముప్ఫై సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేస్తారు. నేనొప్పుకోను, పసివాళ్ల ఊపిరి ఒక్క తీరుగా ఉండదు.

కాల్ మరీ ఆగిపోతుంటే తల్లినడిగి, ఫోన్ కెమెరాతోనే ఒక నిమిషం వీడియో తీయండి. డాక్టరుగారు సరేనంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలు వీడియోగా పంపితే కుదించేస్తుంది. చేరడానికి టైం పడుతుంది గానీ, చేరాక నడుమ ఒక్క ఊపిరీ పోదు.

పెదాలు నీలం తిరిగినా, బిడ్డ పాలు తాగలేకపోయినా ఇవేవీ వద్దు. ముందు 108కి ఫోన్ చేయండి.