ఇంటి నెట్ మనమే బాగుచేసుకుందాం – 4వ పాఠం: ల్యాప్‌టాప్‌కు అడ్రసు ఎవరిచ్చారు?

కిందటి పాఠంలో రూటర్ మీది దీపాలు చదవడం నేర్చుకున్నాం. 'పాన్' దీపం నిలకడగా వెలుగుతూ, 'ఎల్‌ఓఎస్' దీపం ఎర్రబడకుండా ఉంటే వీధి స్తంభం నుంచి మీ ఇంటిదాకా వచ్చే ఫైబర్ తీగ బాగున్నట్టే అనుకున్నాం. ఈ పాఠం అక్కడి నుంచి మొదలవుతుంది.

దీపాలన్నీ సవ్యంగానే ఉన్నాయి. ల్యాప్‌టాప్ తెర మూలన వైఫై గుర్తూ ఉంది. పేజీ మాత్రం తెరుచుకోదు. ఇంట్లోవాళ్ల ఫోన్లలో నెట్ వస్తోంది, ల్యాప్‌టాప్‌లకే రావడం లేదు. ఇలాంటప్పుడు కేబుల్ ఆపరేటర్ పంపిన కుర్రాడు వచ్చి చూసి, "లైను బాగానే ఉందండీ, మీ ల్యాప్‌టాప్‌లోనే ఏదో తేడా" అని వెళ్లిపోతాడు. ల్యాప్‌టాప్‌ను దుకాణానికి తీసుకెళ్తే అక్కడ చక్కగా నెట్ వస్తుంది. "ఇందులో లోపం లేదండీ, మీ రూటర్ చూపించుకోండి" అని వాళ్లంటారు. ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. ల్యాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్య ప్రతిసారీ ఒక చిన్న సంభాషణ జరుగుతుంది. చాలాసార్లు చెడేది అదే. అది ఎక్కడ ఆగిందో కనిపెట్టడానికి ఎవరూ రానక్కర్లేదు, మీరే ఇంట్లో కూర్చుని పట్టుకోగలరు.

ఏదీ ముట్టుకోకముందే ఒక మాట. రూటర్ వెనక చిన్న రంధ్రంలో దాగి ఉండే రీసెట్ మీట నొక్కవద్దు. కరెంటు ఆపి మళ్లీ వేయడం వేరు, రీసెట్ వేరు. మొదటిదానివల్ల నష్టం లేదు. రెండోది మీ వైఫై పేరు, పాస్‌వర్డ్‌తో పాటు, ఆపరేటర్ మనిషి మొదటిరోజు ఎక్కించి వెళ్లిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు (ఆపరేటర్ తన లైనుకు పెట్టే గుర్తింపు సంఖ్య) వంటివి కూడా తుడిచేయవచ్చు. అవి మీ దగ్గర రాసి లేకపోతే, అప్పటిదాకా ల్యాప్‌టాప్‌లకే లేని నెట్ ఇంటిల్లిపాదికీ పోతుంది. మర్నాడు పొద్దున్నే ఆన్‌లైన్ పరీక్ష ఉన్న ఇంట్లో ఇలా జరిగితే ఎంత అవస్థో చెప్పనక్కర్లేదు. "ముందు రీసెట్ చేయండి" అని తేలిగ్గా సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పి తీరాలి.

ఫోను సాక్ష్యం

"ఫోన్లలో వస్తోంది కదా" అన్న మాటను ముందుగా పరీక్షించాలి. ఇప్పటి ఫోన్లు వైఫైకి కలిశాక అందులో నిజంగా ఇంటర్నెట్ ఉందో లేదో తమంతట తామే చూసుకుంటాయి. లేదని తేలితే, చాలా ఫోన్లు మీకు చెప్పకుండానే మొబైల్ డేటా వైపు తిరిగిపోతాయి. ఐఫోన్లలో 2015 నుంచి 'వైఫై అసిస్ట్' అనే ఏర్పాటు ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో కంపెనీని బట్టి రకరకాల పేర్లతో ఇలాంటిదే ఉంటుంది. వీడియో ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, డేటా మాత్రం సిమ్ నుంచి ఖర్చవుతూ ఉంటుంది. మన ఇళ్లలోని ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా సిమ్ ఉండదు కాబట్టి అవి ఉన్నది ఉన్నట్టు చెబుతాయి. నిజం చెప్పిన యంత్రాన్నే మనం అనుమానిస్తాం.

అందుకే ఫోనులో మొబైల్ డేటా పూర్తిగా ఆపండి. వైఫై ఒక్కటే ఉంచి, ఇదివరకు ఎప్పుడూ చూడని వెబ్ పేజీ ఏదైనా తెరవండి. చూసిన పేజీ అయితే ఫోను దాచుకున్న పాత కాపీ చూపించవచ్చు. ఈ పరీక్షలో ఫోనుకు కూడా నెట్ రాకపోతే ఇక ల్యాప్‌టాప్‌ల జోలికి పోనక్కర్లేదు. వెతకవలసింది రూటర్ దగ్గర. ఈ ఒక్క పరీక్ష చేయక, డ్రైవర్లు మార్చి, విండోస్ మళ్లీ ఎక్కించి, చివరికి కొత్త వైఫై అడాప్టర్ కూడా కొన్నవాళ్లను చూశాను.

అడ్రసు చదవడం

విండోస్ ల్యాప్‌టాప్‌లో స్టార్ట్ మీట నొక్కి, ఇంగ్లీషు అక్షరాల్లో 'సీఎండీ' (cmd) అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. నల్లటి తెర వస్తుంది. అందులో 'ఐపీకాన్‌ఫిగ్' (ipconfig) అని, మధ్యలో ఖాళీ లేకుండా, ఇంగ్లీషులోనే టైపు చేసి మళ్లీ ఎంటర్ కొట్టండి. చాలా వరుసలు కనిపిస్తాయి, కంగారు పడవద్దు. మనకు కావలసినవి వైఫై అన్న పేరున్న భాగంలో రెండే: 'ఐపీవీ4 అడ్రస్' ఒకటి, 'డిఫాల్ట్ గేట్‌వే' ఒకటి. మ్యాక్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో వైఫై వివరాలు తెరిస్తే టీసీపీ/ఐపీ అన్న చోట ఇవే ఉంటాయి. రెండింటినీ కాగితం మీద రాసుకోండి.

ఈ నంబర్లు ఎలా వచ్చాయి? పాస్‌వర్డ్ సరిపోయి వైఫైలోకి అడుగుపెట్టిన ల్యాప్‌టాప్‌కు తన అడ్రసు తనకే తెలియదు. "ఇక్కడ అడ్రసులు ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా?" అని అందరికీ వినిపించేలా అడుగుతుంది. "ఇదిగో, ఈ నంబరు ఖాళీగా ఉంది" అంటుంది రూటర్. "అయితే అదే ఇవ్వు" అంటుంది ల్యాప్‌టాప్. "ఇచ్చాను, ఇంతసేపు నీది" అంటుంది రూటర్. ఈ నాలుగు మాటల పద్ధతి పేరే డీహెచ్‌సీపీ. ఇప్పటికీ మనం వాడుతున్న దాని నిబంధనలు 1997లో ఖరారయ్యాయి. పిల్లల్ని హాస్టల్లో చేర్పించిన విజయవాడ తల్లిదండ్రులకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొత్తగా వచ్చిన పిల్లవాడికి వార్డెన్ రిజిస్టర్ చూసి ఖాళీ గది నంబరు ఇచ్చి, బయటికి వెళ్లే గేటు ఎటుందో చూపించినట్టు, రూటర్ కూడా ల్యాప్‌టాప్‌కు ఒక అడ్రసు ఇచ్చి, బయటి ప్రపంచానికి దారి ఎవరి గుండానో చెబుతుంది. ఆ దారే గేట్‌వే.

ఇక కాగితం మీది నంబర్లు చూడండి. అడ్రసు 192.168.1.23, గేట్‌వే 192.168.1.1 లాంటివి కనిపిస్తే సంభాషణ పూర్తయిందన్నమాట. 192.168తో, 10తో మొదలయ్యే అడ్రసులు ఇళ్ల, ఆఫీసుల లోపలి వాడకానికని 1996 నాటి నిబంధనల్లో విడిగా కేటాయించినవి. అడ్రసు 169.254తో మొదలై, గేట్‌వే చోట ఖాళీ ఉంటే ల్యాప్‌టాప్ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. చేసేది లేక అది తనకు తానే ఒక నంబరు పెట్టుకుంది. ఆ నంబరుతో ఇంటర్నెట్‌లోకి వెళ్లడం కుదరదు.

మూడో రకం ఒకటుంది. అడ్రసు చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ అది ఇవ్వవలసినవారు ఇచ్చింది కాదు. అందరినీ ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే కాబట్టి ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుని నిదానంగా చూద్దాం.

విజయవాడ పటమటలో ఒక ఫ్లాటు అనుకోండి. ఆపరేటర్ ఇచ్చిన రూటర్ హాల్లో టీవీ పక్కన ఉంది. వెనక పడకగదిలో అమ్మాయి చదువుకుంటుంది, మధ్యలో రెండు గోడలు, ఇనుప బీరువా ఉండడంతో అక్కడికి సిగ్నల్ అందదు. తండ్రి ఇంకో రూటర్ కొని, హాల్లోని రూటర్ నుంచి కేబుల్ లాగి, కొత్తదాని వెనకున్న ఒకే రంగు రంధ్రాల్లో ఒకదానికి తగిలించారు. పడకగదిలో సిగ్నల్ నిండుగా వచ్చింది. నెట్ మాత్రం ఒక పూట వస్తుంది, ఒక పూట రాదు. ల్యాప్‌టాప్‌లో అడ్రసు చూస్తే 192.168.0.104, గేట్‌వే 192.168.0.1. హాల్లో రూటర్ అడ్రసు 192.168.1.1. చుక్కల మధ్య మూడో సంఖ్య దగ్గర తేడా గమనించారా?

ఇంట్లో ఇద్దరు వార్డెన్లు తయారయ్యారు, ఎవరి రిజిస్టర్ వాళ్లదే. ల్యాప్‌టాప్ కేక ఇద్దరికీ వినిపిస్తుంది. ముందు పలికినవారి మాటే చాలాసార్లు చెల్లుతుంది. హాల్లోని రూటర్ ముందు పలికితే నెట్ వస్తుంది. దగ్గరున్న కొత్త రూటర్ ముందు పలికితే, "బయటికి దారి నేనే" అని తన నంబరు ఇస్తుంది. కానీ బయటి లైను తగిలించవలసిన దాని 'వ్యాన్' రంధ్రంలో ఏ తీగా లేదు, దానికి బయటికి దారే లేదు. అమ్మాయి ఫోను కూడా ఇదే వలలో పడుతుంది, అది మొబైల్ డేటాతో నెట్టుకొస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

దిద్దుబాటు సులువే, వరుస మాత్రం తప్పవద్దు. ముందు కొత్త రూటర్ నుంచి హాల్లోకి వెళ్లే కేబుల్ ఊడదీయండి. ల్యాప్‌టాప్‌ను కొత్తదాని వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టి దాని సెట్టింగులు తెరవండి. 'యాక్సెస్ పాయింట్ మోడ్' అన్న వీలు ఉంటే అది ఎంచుకోవడమే ఉత్తమం, మిగతాది అదే చూసుకుంటుంది. లేకపోతే మొదట దాని ల్యాన్ అడ్రసును, అంటే ఇంటి లోపలి అడ్రసును, హాల్లోని రూటర్ కుటుంబంలోకి మార్చాలి. హాల్లోది 100 నుంచి 200 వరకు నంబర్లు పంచుతోందనుకుంటే, ఆ వరుస బయట ఉండే 192.168.1.5 లాంటిది పెట్టండి. సేవ్ చేశాక వైఫైకి మళ్లీ కలిసి, ఆ కొత్త అడ్రసుతోనే తిరిగి లోపలికి వెళ్లి అప్పుడు డీహెచ్‌సీపీ ఆపండి. ముందే డీహెచ్‌సీపీ ఆపేస్తే మీ ల్యాప్‌టాప్‌కు నంబరు ఇచ్చేవారు లేక బయట ఉండిపోతారు. చివరగా కేబుల్‌ను మళ్లీ ల్యాన్ రంధ్రానికే, అంటే ఆ ఒకే రంగు రంధ్రాల్లో ఒకదానికే, తగిలించండి.

జవాబు రానప్పుడు

169.254 కనిపించినప్పుడు మొదట రూటర్ కరెంటు ఆపి, కాసేపాగి వేయండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపి మళ్లీ కలపండి. అయినా అదే వస్తే ఒక ప్రయోగం చేయాలి. వైఫై సెట్టింగుల్లో అడ్రసును చేత్తో పెట్టండి: 192.168.1.240, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1, డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరును నంబరుగా మార్చే సేవ) 8.8.8.8, ఇది గూగుల్‌ది. మీ రూటర్ 192.168.0.1 అయితే దానికి తగ్గట్టు మార్చుకోండి. ఇప్పుడు నెట్ వస్తే సిగ్నల్, పాస్‌వర్డ్, లైను అన్నీ నిర్దోషులే. లోపం నంబర్లు పంచడంలోనే ఉంది. రూటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉందా, నంబర్ల వరుస మరీ చిన్నదిగా పెట్టారా చూడండి. పది నంబర్లే పెట్టి ఉంటే ఫోన్లు, టీవీ, కెమెరాలు, చుట్టాల ఫోన్లు కలిసి వాటిని ఇట్టే నింపేస్తాయి.

ప్రయోగం అయ్యాక అడ్రసును తప్పకుండా 'ఆటోమేటిక్'కు మార్చండి. మరిచిపోతే ఆ ల్యాప్‌టాప్ ఆఫీసులోనో కాలేజీలోనో మొరాయిస్తుంది. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. కాలేజీ ల్యాబ్‌లోనో ఆఫీసులోనో ఎవరో చేత్తో పెట్టిన అడ్రసుతో ల్యాప్‌టాప్ ఇంటికొస్తుంది. ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్‌కే నెట్ రాకపోతే నేను మొట్టమొదట చూసేది ఇదే.

అడ్రసు సరిగ్గానే ఉండి పేజీలు రాకపోతే అదే నల్లటి తెరలో 'పింగ్' (ping) అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, గేట్‌వే నంబరు ఇవ్వండి. జవాబులు వస్తే రూటర్ దాకా దారి ఉంది. తర్వాత 8.8.8.8ను పింగ్ చేయండి. అదీ పలికితే బయటికి కూడా దారి ఉన్నట్టే, వెబ్‌సైట్ పేరును నంబరుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గరే ఆగుతోంది. లేదా నెట్‌ను వేరే దారిన మళ్లించే ఏర్పాట్లు, అంటే బ్రౌజర్‌లో పాత ప్రాక్సీ, ఆపడం మరిచిన వీపీఎన్ వంటివి ఉండి ఉంటాయి. గేట్‌వే పలికి 8.8.8.8 పలకకపోతే ఇక ఆపరేటర్‌కు ఫోన్ చేయండి. "నెట్ రావడం లేదు" అనకుండా "రూటర్‌కు పింగ్ వెళ్తోంది, బయటికి వెళ్లడం లేదు" అని చెప్పండి. మీ ఫిర్యాదును వినే తీరే మారుతుంది.

అసలు వైఫైకే కలవని ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. రూటర్‌లో భద్రతను డబ్ల్యూపీఏ3 (వైఫై పాస్‌వర్డ్ భద్రతలో కొత్త పద్ధతి) ఒక్కటే అని పెడితే, అది వచ్చిన 2018కి ముందు కొన్న కొన్ని ల్యాప్‌టాప్‌లకు లోపలికి దారి ఉండదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన ఎంపికకు మార్చండి. పాస్‌వర్డ్ మొత్తానికే తీసేయడం మాత్రం పరిష్కారం కాదు. వైఫై పేరే కనిపించకపోతే అది 5 గిగాహెర్ట్జ్‌ది కావచ్చు, పాత ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి 2.4 మాత్రమే తెలుసు. 2.4లో కూడా ఛానల్ 12, 13 కొన్ని ల్యాప్‌టాప్‌లకు కనబడవు. 1, 6, 11లలో ఒకటి పెట్టండి.

ఎండాకాలం సంగతి ఒకటి. చాలా ఇంటి రూటర్లను 40 డిగ్రీల వరకు పనిచేసేలా తయారుచేస్తారు. మే నెలలో విజయవాడలో బయటే అంతకు మించుతుంది, అటక మీద ఇంకా ఎక్కువ. మధ్యాహ్నాలు మాత్రమే తెగిపోయే నెట్‌కు రూటర్‌ను గాలి తగిలే చోటికి దించి చూడండి.

వచ్చే పాఠం లోపు చేయవలసిన అభ్యాసం: నెట్ బాగా వస్తున్న రోజునే ఇంట్లోని ప్రతి ల్యాప్‌టాప్ అడ్రసు, గేట్‌వే చదివి ఒక కాగితం మీద రాయండి. ఆపరేటర్‌కు ఫోన్ చేసి మీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు అడిగి అదే కాగితంలో చేర్చి, కరెంటు బిల్లులు దాచే చోట పెట్టండి. వచ్చే పాఠంలో పడకగదికి సిగ్నల్ చేర్చడం, కొత్త రూటర్ కొనకుండా ముందు ప్రయత్నించవలసినవి చూద్దాం.