పాత పెంటియం ఫోర్‌లో హైకూ ఎక్కించడం ఎట్ల

మా అనంతపురంలో ఒక నెట్ సెంటర్ మూసేస్తా ఉంటే, పాత ఇనుం కింద పోకముందే ఒక పెంటియం ఫోర్ సీపీయూ పట్టుకొచ్చినా, 512 ఎంబీ ర్యామ్. దాంట్లో హైకూ అనే ఓఎస్ (విండోస్ మాదిరి కంప్యూటర్‌ని నడిపేది) వేసినా. బీఓఎస్ అనే పాత ఓఎస్ చేసిన కంపెనీని 2001లో పామ్ అనే ఇంకో కంపెనీ కొనేసినాక, ఆ బీఓఎస్ అంటే ప్రాణమిచ్చేటోళ్లు మళ్లీ మొదట్నుంచి రాసుకున్నదే ఇది. 384 ఎంబీ ర్యామ్, 3 జీబీ డిస్క్ ఉంటే చాలు.

ముందు డబ్బా విప్పి దుమ్ము దులపండప్పా, మన ఊరి దుమ్ము సంగతి చెప్పేదేముంది. ర్యామ్ పీకి దాని పసుప్పచ్చ అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ గట్టిగా నొక్కండి. డేట్ ఊరికే వెనక్కి పోతా ఉంటే బోర్డు మీదుండే సీఆర్ 2032 సెల్ మార్చండి, లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా బూట్ ఆర్డర్ (దేంట్లోంచి ముందు లేవాలనే వరస) కూడా పోతాది.

హైకూ డౌన్‌లోడ్ 32 బిట్‌ది చేయండి, 64ది కాదు. రూఫస్ అనే ప్రోగ్రాంలో డీడీ మోడ్‌లో (ఫైల్‌ని ఉన్నదున్నట్టు రాసేది) పెన్‌డ్రైవ్‌కి రాయండి. కొన్ని పాత బయోస్‌లల్లో (ఆన్ చేయంగానే ఓఎస్ కంటే ముందు లేచే సెట్టింగులల్లో) పెన్‌డ్రైవ్ బూట్ లిస్టులో కనపడదు, హార్డ్ డిస్క్ ప్రయారిటీ లోపల దాక్కోనుంటాది, ఆడ పైకి జరపాల. అసలు యూఎస్‌బీ బూటే లేకుంటే డీవీడీకి రాయండి, సీడీలో పట్టదు.

ఇంగ అసలు కథ. బూట్ అయ్యేటప్పుడు ఏడు బొమ్మలు ఒక్కొక్కటే వెలుగుతాయి, యాడ ఆగిందో చూస్తే సగం రోగం తెలిసినట్టే. నాది నాలుగోదాని కాడ, అంటే డిస్క్ బొమ్మ కాడ ఆగిపోయె. బూట్ డిస్క్ దొరకలేదని దాని అర్థం. రెండు రాత్రులు బయోస్ అంతా కెలికి, ఆఖరికి పెన్‌డ్రైవ్‌ని ముందు పోర్టు నుంచి తీసి వెనకాల బోర్డుకే ఉన్న పోర్టులో పెడితే లేచింది! వేరే బొమ్మ కాడ ఆగితే, ఆన్ చేసిన వెంటనే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి, మెనూ వస్తాది, సేఫ్ మోడ్ ఆప్షన్లల్లో ఏసీపీఐ (పవర్ సంగతి చూసుకునేది) డిసేబుల్ చేసి చూడండి. ఏడూ వెలిగి స్క్రీన్ నల్లగా ఉండిపోతే ఫెయిల్ సేఫ్ గ్రాఫిక్స్ డ్రైవర్ పెట్టండి. అన్నీ ఒకేసారి పెట్టొద్దు, దేంతో పని అయ్యిందో తెలీదు.

డెస్క్‌టాప్ వచ్చినాక డ్రైవ్ సెటప్ అనే టూల్‌లో హార్డ్ డిస్క్‌ని బీఎఫ్ఎస్ (హైకూ సొంత ఫైల్ పద్ధతి) ఫార్మాట్ కొట్టి ఇన్‌స్టాల్ చేయండి, పాత డేటా అంతా పోతాది కాబట్టి ఫోటోలుంటే ముందే తీసుకోండి. తర్వాత ఇన్‌స్టాలర్ టూల్స్ మెనూలో రైట్ బూట్ సెక్టార్ (డిస్క్ నుంచి లేచేటట్టు చేసేది) నొక్కడం మర్చిపోవద్దండి. పాటలు, నోట్స్, చిన్న చిన్న కోడింగ్‌కి బాగుంది, యూట్యూబ్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.