ఎంఫైసిమా శాతం ఉన్నట్టుండి పెరిగిందా? ముందు కెర్నల్ చూడండి

సమస్య: సీఓపీడీ (గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) మందు ట్రయల్. బేస్‌లైన్ (మొదటి) సీటీలో మైనస్ 950 హెచ్‌యూ (సీటీలో సాంద్రత కొలత; నీళ్లు 0, గాలి మైనస్ 1000) కంటే కింద ఉన్న ఊపిరితిత్తి భాగం, అంటే ఎంఫైసిమా (గాలి గదుల గోడలు పాడవడం) కింద లెక్కేసేది, 11 శాతం అనుకుందాం. ఏడాది తర్వాత అదే పేషెంట్‌కి 22. స్పైరోమెట్రీ (ఊది చూసే ఊపిరి పరీక్ష) చూస్తే దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ పాడైందని ఒకరు, మందు పనిచేయలేదని ఇంకొకరు మెయిళ్లు పెడతారు. డైకామ్ హెడర్ (బొమ్మ ఫైలులో స్కాన్ వివరాలు ఉండే భాగం) తెరిచేవాళ్లు మాత్రం ఉండరు.

రెండు స్కాన్ల హెడర్లు పక్కపక్కన పెట్టి మూడు ట్యాగులు చూడండి: స్లైస్ మందం (0018,0050), కేవీపీ, అంటే ట్యూబ్ వోల్టేజి (0018,0060), కెర్నల్, అంటే స్కానర్ కొలతల్ని (రా డేటాని) బొమ్మగా మార్చేటప్పుడు వాడే ఫిల్టర్ (0018,1210). రెండు నిమిషాల పని. చాలాసార్లు తేడా ఆ మూడో ట్యాగులోనే దొరుకుతుంది.

సాఫ్ట్ కెర్నల్ బొమ్మను నునుపు చేస్తుంది. షార్ప్ కెర్నల్ అంచుల్ని తేటపరుస్తుంది, దాంతోపాటే నాయిస్‌నీ (బొమ్మలో గరుకునీ) పెంచుతుంది. సగటు హెచ్‌యూ పెద్దగా కదలదు, అందుకే మోసపోతాం. మంచి ఊపిరితిత్తి మైనస్ 850 చుట్టుపక్కల ఉంటుంది. నాయిస్ పెరిగితే విలువలు అటూ ఇటూ చెదిరి, కొన్ని మైనస్ 950 గీత కిందికి జారిపోతాయి. సాఫ్ట్‌వేర్ వాటినీ ఎంఫైసిమా కిందే లెక్కేస్తుంది. రిపోర్టు రాసే డాక్టరుకి షార్ప్ బొమ్మే ఇష్టం కాబట్టి టెక్నీషియన్ కూడా అలవాటుగా అదే పంపుతాడు. పాపం, అతన్ని అనడానికేం లేదు.

ఒక సైట్ (ట్రయల్ జరిగే సెంటర్) విషయంలో నేనూ దెబ్బతిన్నాను. హెడర్ చూశాననే అనుకున్నాను గానీ నిజానికి చూసింది సిరీస్ (ఒక స్కాన్ బొమ్మల వరుస) పేరు. రెండు విజిట్లకీ అదే పేరు. మధ్యలో ఎవరో ప్రోటోకాల్‌లో కెర్నల్ మార్చి, పేరు మాత్రం పాతదే ఉంచేశారు. సిరీస్ పేరు మనిషి టైప్ చేసేది, కెర్నల్ ట్యాగ్ మెషిన్ రాసేది. పేషెంట్ ఊపిరి సరిగ్గా బిగబట్టాడా లేదా అని మూడు వారాలు కొట్టుకున్నాక ఆ ట్యాగ్ తెరిచాను. అప్పటికి రా డేటా చెరిగిపోయింది.

పేషెంట్ పేరు తీసేసే సాఫ్ట్‌వేర్ ఆ కెర్నల్ ట్యాగునీ ఊడపీకేసి ఉంటే, శ్వాసనాళంలో గాలి మీద చిన్న ఆర్‌ఓఐ (కొలిచే గడి) గీయండి. రెండు స్కాన్లలో సగటు ఒకేలా ఉండి, ఎస్‌డీ (విలువల చెదురు) ఒక్కసారిగా పెరిగిందంటే కెర్నల్ మారి ఉండాలి, లేదా డోస్ తగ్గి ఉండాలి. ఎంఏఎస్ (ఎక్స్‌రే ట్యూబ్ కరెంటు, సమయాల లెక్క) చూస్తే రెండింట్లో ఏదన్నది తేలిపోతుంది. ఇటరేటివ్ రికన్‌స్ట్రక్షన్ (మళ్లీ మళ్లీ లెక్కగట్టి నాయిస్ తగ్గించే పద్ధతి) కొత్తగా ఆన్ చేసి ఉంటే కథ తిరగబడుతుంది: నాయిస్ తగ్గి, శాతం కూడా తగ్గుతుంది.

పరిష్కారం: ముందు సైట్‌ని రెండో సిరీస్ అడగండి. ఛెస్ట్ సీటీకి సాఫ్ట్, షార్ప్ రెండూ తీయడం మామూలే. పంపింది ఒకటే అయ్యుండొచ్చు. అయితే ఆ సాఫ్ట్ సిరీస్ 5 మిల్లీమీటర్లదైతే, బేస్‌లైన్ 1 మిల్లీమీటరుదైతే పోలిక కుదరదు. అప్పుడు రా డేటా నుంచి, బేస్‌లైన్ కెర్నల్, బేస్‌లైన్ మందంతో మళ్లీ రికన్‌స్ట్రక్ట్ చేయించాలి. ఇందుకు మెయిల్ పెట్టి కూర్చోకండి, ఫోన్ చేయండి. ప్యాక్స్‌కి (ఆస్పత్రిలో బొమ్మలు దాచే సర్వర్‌కి) వెళ్లేది బొమ్మలే, రా డేటా కన్సోల్‌లోనే ఉంటుంది. డిస్క్ నిండితే పాతవి పోతాయి. రద్దీ సెంటర్లో కొద్దిరోజులే గడువు. అదీ పోతే ఆ విజిట్‌ని బేస్‌లైన్‌తో పోల్చలేమని రాసి పక్కన పెట్టండి. ఇందుకోసం పేషెంట్‌కి మళ్లీ రేడియేషన్ ఇవ్వొద్దు.

శాతం తగ్గిందా? కెర్నల్, రికన్‌స్ట్రక్షన్ మారలేదని తేలితే, ఎంఫైసిమా మానేది కాదు కాబట్టి పేషెంట్ ఊపిరి సగమే పీల్చి ఉండొచ్చు. రెండు స్కాన్ల ఊపిరితిత్తుల ఘనపరిమాణం పోల్చండి, తెలిసిపోతుంది. మెషిన్ ఇంగ్లీషులో "బ్రీత్ ఇన్" అంటే పల్లె నుంచి వచ్చిన పెద్దాయనకి ఏం అర్థమవుతుంది? "గాలి గట్టిగా పీల్చండి, అలాగే బిగబట్టండి" అని తెలుగులో రికార్డు చేసి పెట్టించండి, స్కాన్‌కి ముందు రెండుసార్లు సాధన చేయించండి.

ట్యూబ్ మార్చడం, ఎయిర్ కాలిబ్రేషన్ తప్పడం, రింగ్ ఆర్టిఫాక్ట్ (బొమ్మలో లేని వలయాలు కనబడటం) లాంటివి అరుదు. రోజువారీ ఫాంటమ్‌లో (మెషిన్ పరీక్షకి వాడే నమూనాలో) నీళ్లు 0 దగ్గర, గాలి మైనస్ 1000 దగ్గర చూపిస్తూ, వలయాలు కనబడకపోతే సర్వీస్ ఇంజనీర్ని పిలవక్కర్లేదు.